సూదిమందు కాదు, సూదే మందు

నొప్పి అన్న ఒక్క మాటతో తెలుగువారి ఒంటి బాధ పూర్తిగా పలకదు. తలకు పోటు, పుండుకు సలుపు, కాళ్లకు పీకులు, నడుముకు పట్టు, జ్వరం వచ్చే ముందు ఒంటికి తీపులు అంటూ ఒక్కో బాధకు ఒక్కో పేరు ఉండటమే గాక, అది ఎక్కడ పుట్టి ఎటు పాకుతుందో చెప్పే సూక్ష్మం కూడా ఆ పేర్లలోనే ఉంది. ఉమ్మడి నెల్లూరు జిల్లా తీరంలో, మైపాడు నుంచి కృష్ణపట్నం మీదుగా తూపిలిపాళెం వరకు, ఈ మాటలన్నింటికీ రోజూ పని తగులుతూనే ఉంటుంది. పొద్దు పొడవకముందే మడిలో దిగి వంచిన నడుము ఎత్తకుండా నాట్లు వేసే కూలీకి, వల లాగి పడవను ఇసుక మీదికి నెట్టే మత్స్యకారుడికి, రొయ్యల గుంటల గట్ల మీద రాత్రంతా తిరిగే కాపలాదారుకు మిగిలే నొప్పి ప్రాణం తీసేది కాదు, అలాగని వదిలి పోయేదీ కాదు. నొప్పి బిళ్ల వేసుకుంటే రెండు రోజులు అణుగుతుంది, మూడో రోజు మళ్లీ తిరగబెడుతుంది, ఏళ్ల తరబడి అవే బిళ్లలు మింగితే కడుపులో పుండ్లు పడటానికీ మూత్రపిండాలు దెబ్బతినడానికీ అవకాశం ఉంటుంది. ఆస్పత్రి చేతులెత్తేయని, అలాగని పూర్తిగా నయమూ చేయని ఈ మధ్య జాగాలోనే ఆక్యుపంక్చర్‌కూ చీనా మూలికలకూ గిరాకీ పుట్టింది.

ఆక్యుపంక్చర్ అనేది లాటిన్ మాటల నుంచి ఐరోపావారు కట్టుకున్న పేరు. సూదితో గుచ్చడం అని మాత్రమే దాని అర్థం. చీనావారు వాడే మాట జెన్‌జియు, అంటే సూదీ నిప్పూ కలిసినది. కాబట్టి బయటి ప్రపంచం ఆ వైద్యంలో సగాన్నే పేరుగా తీసుకుందనాలి. రెండో సగమైన నిప్పును మోక్సా అంటారు. ఒక మొక్క ఆకును ఎండబెట్టి, నలిపి, పీచు తీసి దూదిలా చేసి, చుట్టలా చుట్టి, దాన్ని రాజేసి శరీరంలోని నిర్ణీత స్థానాల దగ్గర వెచ్చదనం తగిలేలా పట్టుకోవడమే ఆ చికిత్స. ఆ మొక్క తెలుగువారికి పరాయిది కాదు. వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రులలో మొట్టమొదట పేరు వచ్చే మాచిపత్రి, పూలతో కలిపి జడలో తురుముకునే దవనం, మోక్సాకు వాడే చీనా మొక్క, ఈ మూడూ వృక్షశాస్త్రంలో ఆర్టిమీసియా అనే ఒకే ప్రజాతికి చెందినవి. నొప్పి ఉన్నచోట వాత పెట్టే మోటు పద్ధతి మన పల్లెల్లోనూ ఉండేదన్నది గుర్తు చేసుకుంటే, చీనా వైద్యంలో వింతగా కనిపించేది చాలావరకు పేర్లలోనే ఉందని తెలుస్తుంది.

సిద్ధాంతం మాట వేరు. పీత చక్రవర్తి పేరు మీద చెలామణి అయ్యే 'హువాంగ్‌ది నెయ్‌జింగ్' అనే ప్రాచీన వైద్య గ్రంథం క్రీస్తుకు పూర్వం ఒకటి రెండు శతాబ్దాల నాటికి రూపుదిద్దుకున్నదని పండితులు భావిస్తారు. దాని ప్రకారం శరీరంలో 'చీ' అనే ప్రాణశక్తి కొన్ని నాళాల వెంట ప్రవహిస్తుంది, ప్రవాహం సాఫీగా ఉంటే నొప్పి ఉండదు, అడ్డు తగిలితే నొప్పి పుడుతుంది, సూది ఆ అడ్డును తొలగిస్తుంది. వాతం పట్టింది, నరం పట్టేసింది అనే మన మాటల వెనక ఉన్న ఊహ కూడా ఇంచుమించు ఇదే. ఈ పోలికను చూసి, సుశ్రుతుడు చెప్పిన 107 మర్మస్థానాలే చీనాకు వెళ్లి ఆక్యుపంక్చర్ అయ్యాయని వాదించేవారు ఉన్నారు. ఆ వాదన నిలవదు. మర్మాలు దెబ్బ తగిలితే ప్రాణానికో అవయవానికో ముప్పు తెచ్చే చోట్లు కనుక శస్త్రవైద్యుడు వాటిని తప్పించి కోయాలని సుశ్రుతుడి ఉపదేశం; చీనా పద్ధతిలోని 361 స్థానాలేమో కోరి గుచ్చవలసిన చోట్లు. పైగా క్రీస్తుపూర్వం 168లో మూసిన మావాంగ్‌దుయ్ సమాధిలో దొరికిన పట్టు రాతలలో నాళాల ప్రస్తావన, నిప్పు చికిత్స ఉన్నాయి గాని సూది లేదు. అంటే చీనాలోనే ఈ వైద్యం అంచెలంచెలుగా పెరిగిందే తప్ప ఎక్కడి నుంచో పూర్తి రూపంలో వచ్చి పడలేదు.

సొంత గడ్డ మీద కూడా దానికి ఎప్పుడూ పూలబాట లేదు. 1822లో దావోగ్వాంగ్ చక్రవర్తి రాజవైద్య సంస్థలో ఆక్యుపంక్చర్ బోధనను నిలిపివేయించాడు. 1929లో జాతీయవాద ప్రభుత్వం ముందుకు దేశీయ వైద్యాన్నే రద్దు చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. 1949 తరవాత కమ్యూనిస్టు ప్రభుత్వం దాన్ని మళ్లీ నిలబెట్టింది. కోట్లాది పల్లె జనానికి చాలినంతమంది డాక్టర్లు లేకపోవడం ఇందుకు పెద్ద కారణం. 1960ల చివరికి పొలం పని చేసుకునే యువతీయువకులకే కొద్ది నెలల శిక్షణ ఇచ్చి, టీకాలు, కట్లు, ప్రసవాలతో పాటు సూదులూ మూలికలూ నేర్పి, చెప్పుల్లేని వైద్యులనే పేరుతో ఊరూరా నిలిపారు. ఆ ఆలోచన నెల్లూరుకు కొత్త కాదు. అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య సోదరుడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో నెలకొల్పిన ప్రజావైద్యశాల, పల్లెల్లో వైద్యం చేసేవారికి ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి, డాక్టరు అడుగు పెట్టని ఊళ్లకు కనీస వైద్యం చేరేలా చూసింది. అక్కడ నేర్పింది ఆధునిక వైద్యమే అయినా, ఊరివాడి చేతిలోనే ఊరి వైద్యం ఉండాలన్న పట్టుదల రెండుచోట్లా ఒక్కటే.

పడమటి దేశాలకు ఈ సూది ఒక పాత్రికేయుడి కడుపునొప్పి ద్వారా చేరిందంటే అతిశయోక్తి కాదు. 1971 జులైలో బీజింగ్ వెళ్లిన న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్‌కు అపెండిక్స్ వాచి అక్కడి ఆస్పత్రిలో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, ఆ అనుభవాన్ని అతను జులై 26న అదే పత్రికలో రాశాడు. మత్తుమందు లేకుండా సూదులతోనే ఆపరేషన్ చేశారని ఈనాటికీ ప్రచారంలో ఉన్న కథ తప్పు. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్‌తోనే జరిగింది. తరవాత కడుపుబ్బరం బాధించినప్పుడు మాత్రం సూదులు గుచ్చి మోక్సా పట్టారు. మరుసటి ఏడాది నిక్సన్ పర్యటనతో అమెరికాలో ఈ వైద్యం మీద మోజు వెల్లువెత్తింది.

భారతదేశానికి దారి వేరుగా పడింది. జపాను దాడికి గురైన చీనాకు సాయంగా 1938లో కాంగ్రెస్ పంపిన అయిదుగురు వైద్యుల బృందంలో ద్వారకానాథ్ కొట్నీస్ పేరు సినిమా వల్ల ఇంటింటికీ తెలిసింది గాని, అదే బృందంలోని విజయ్‌కుమార్ బసు పేరు అంతగా తెలియదు. కొట్నీస్ 1942లో అక్కడే కన్నుమూశాడు. బసు తిరిగి వచ్చి, 1950ల చివర మళ్లీ చీనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో చికిత్స మొదలుపెట్టాడు. పశ్చిమ బెంగాల్ 1996లో దీనికి ప్రత్యేక చట్టం చేయడానికి ఆ నేపథ్యమే పునాది. 2019 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తించింది. తెలుగు రాష్ట్రాల్లో ఇది ఎక్కువగా ప్రకృతి వైద్యుల ద్వారా రోగులకు అందుతోంది, వారు చదివే అయిదున్నరేళ్ల పట్టా కోర్సులో ఇదొక పాఠ్యాంశం. అయితే వారాంతపు శిబిరంలో నేర్చుకుని బోర్డు కట్టినవారు, ఫిజియోథెరపీతో కలిపి సూదులు గుచ్చేవారు కూడా అదే వీధిలో ఉంటారు కాబట్టి, ఎవరి చదువు ఏమిటో అడిగి తెలుసుకునే భారం రోగి మీదే పడుతోంది.

అసలు ఆ సూది ఎలా ఉంటుంది? ఇంజెక్షన్ సూదిలా దానికి మధ్యలో బోలు ఉండదు. పావు మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు తీగ అది, వేళ్లతో వంచితే వంగుతుంది. సన్నని గొట్టంలో పెట్టి చర్మం మీద ఆనించి పైనుంచి వేలితో ఒక్కసారి తట్టగానే చీమ కుట్టినట్టయి లోపలికి దిగుతుంది, ఆపైన చికిత్సకుడు దాన్ని మెల్లగా తిప్పుతాడు. అప్పుడు కలిగే అనుభూతిని చీనావారు 'దె చీ' అంటారు. దాన్ని వర్ణించడానికి వారు వాడే మాటలకు తెలుగులో సరిగ్గా అమరేవి సలుపు, బరువు, తిమ్మిరి, లాగుడు అనేవే. ఇరవై ముప్పై నిమిషాలు అలాగే ఉంచి తీసేస్తారు. వారానికి రెండు మూడుసార్లు, మొత్తం పది పన్నెండుసార్లు చేయించుకోవడం మామూలు.

ఇది పని చేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు వెతికే క్రమం సూది కన్నా ఆసక్తికరమైనది. బిళ్ల విషయంలో నకిలీ బిళ్ల ఇచ్చి పోల్చవచ్చు. గుచ్చించుకున్నవాడికి గుచ్చలేదని ఎలా నమ్మించాలి, గుచ్చనివాడికి గుచ్చామని ఎలా నమ్మించాలి? ఇందుకోసం 1998లో జర్మనీలో ఒక మాయసూదిని తయారుచేశారు, సురభి నాటకంలో పొడిచిన కత్తి పిడిలోకి జారినట్టు దాని మొన చర్మాన్ని తాకి వెనక్కి పిడిలోకి పోతుంది. మరికొన్ని పరీక్షల్లో శాస్త్రం చెప్పని చోట్ల పైపైన గుచ్చి పోల్చారు. ఈ రెండో తరహాలో జర్మనీలోనే ఏళ్ల తరబడి నడుమునొప్పితో బాధపడుతున్న 1,162 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2007లో వెలువడ్డాయి. సంప్రదాయ స్థానాల్లో సూదులు గుచ్చినవారిలో 47.6 శాతం మందికి, తప్పు చోట్ల గుచ్చినవారిలో 44.2 శాతం మందికి ఆరు నెలల తరవాత ఉపశమనం కనిపించగా, మందులు, వ్యాయామం వంటి మామూలు చికిత్స పొందినవారిలో 27.4 శాతం మందికే అది దక్కింది.

ఈ మూడు అంకెలను కలిపి చదవకుండా ఏ ఒక్క జంటను పట్టుకున్నా తప్పుడు తీర్పే వస్తుంది. మొదటిదాన్నీ మూడోదాన్నీ చూపి ఆక్యుపంక్చర్ గెలిచిందని దాని అభిమానులు అంటే, మొదటిదాన్నీ రెండోదాన్నీ చూపి అది ఉత్త నమ్మకమేనని విమర్శకులు అన్నారు. నిజానికి ఆ అంకెలు చెప్పేది, సూది వల్ల రోగికి మేలు జరుగుతోంది గాని నాళాలు, స్థానాలు అనే పటం ఆ మేలుకు పెద్దగా కారణం కాదని. గుచ్చుడు వల్ల శరీరంలోనే ఎండార్ఫిన్లు అనే సహజ నొప్పినివారక రసాయనాలు విడుదలవుతాయని 1970ల నుంచి జరిగిన పరిశోధనలు సూచిస్తున్నాయి. దానికి తోడు అరగంట సేపు ప్రశాంతంగా పడుకోవడం, ఒక మనిషి శ్రద్ధగా బాధ అడిగి తెలుసుకోవడం, బాగవుతుందన్న ఆశ కూడా తమ వంతు పని చేస్తాయి. ప్రభుత్వ ఆస్పత్రి ఓపీ వరుసలో గంటలు నిలబడి, డాక్టరు ఎదుట క్షణం కూర్చుని వచ్చే మనిషికి ఆ అరగంటే సగం మందన్నా తప్పు లేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2009లో నడుమునొప్పికి ఆక్యుపంక్చర్‌ను సిఫారసు చేసి, 2016లో ఉపసంహరించుకుని, 2021లో దీర్ఘకాలిక నొప్పుల్లో ఒక రకానికి మళ్లీ పరిశీలించవచ్చని చెప్పింది. ఈ ఊగిసలాట చూస్తే ప్రయోజనం ఉన్నదనీ, అది ఓ మోస్తరుదేననీ అర్థమవుతుంది.

మోకాలి అరుగుదల, మెడనొప్పి, నడుమునొప్పి, తరచూ వచ్చే పార్శ్వపు నొప్పి, ఆపరేషన్ తరవాత వచ్చే వికారం, ఈ కొద్దిపాటి బాధల వరకు సూదికి ఆధారాలు ఉన్నాయి. మధుమేహం తగ్గిస్తామని, పక్షవాతం పూర్తిగా నయం చేస్తామని, క్యాన్సర్ గడ్డ కరిగిస్తామని చెప్పే బోర్డులకు ఏ ఆధారమూ లేదు. అటువంటి ప్రకటనలు 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం కింద నేరం కూడా.

అంగడి అరలో చీనా

మూలికల విషయానికి వస్తే, చీనా మందులు ఈ తీరానికి కొత్తగా రాలేదు. నెల్లూరుకు ఉత్తరాన ఉన్న మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం, విదేశీ వర్తకుల సరుకులను తుఫానుకు ఒడ్డున పడినా లాక్కోబోమని హామీ ఇస్తూ, వసూలు చేసే సుంకాల పట్టికలో దేశవాళీ కర్పూరం పక్కనే చీనా కర్పూరాన్నీ పేర్కొంది. మసాలా డబ్బాలోని దాల్చినచెక్క పేరులో ఉన్నది కూడా చీనాయే, పారశీక భాషలో దార్‌చీనీ అంటే చీనా చెక్క అని అర్థం. వీటిని మించిన ఉదాహరణ పిరంగిచెక్క. నెల్లూరులో ఏ నాటుమందుల అంగడికి పోయి అడిగినా, పైన ముడతలు పడి లోపల లేత గులాబి రంగు పిండి కనబడే, రాయిలా గట్టిగా ఉండే వేరుముక్కలను తూచి ఇస్తారు. అది చీనాలో పుట్టిన స్మైలాక్స్ జాతి తీగ వేరు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ఓడల్లో గోవాకు చేరింది. పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్టా 1563లో గోవాలో అచ్చు వేయించిన మూలికల గ్రంథంలో దాని గురించి విపులంగా రాశాడు. ఐరోపాలో అయిదో చార్లెస్ చక్రవర్తి కీళ్ల నొప్పికి దాన్ని వాడగా, శరీర నిర్మాణ శాస్త్రానికి ఆద్యుడైన వెసాలియస్ ఆ వేరు గురించే 1546లో ఒక పుస్తకం ప్రచురించాడు. పరంగివారు తెచ్చిన సవాయి రోగానికి వాడినందువల్ల మనదేశంలో ఆ రోగం పేరే వేరుకూ అంటుకుంది. పుట్టుక చీనాది, పేరు పరంగివాడిది, కషాయం మాత్రం తెలుగు వంటింటిది. దేశవాళీ వైద్యం, విదేశీ వైద్యం అని గీత గీసి తగవుపడేవారు ఈ ఒక్క చెక్కముక్కను చేతిలో పెట్టుకుని ఆలోచిస్తే మంచిది.

చీనా వైద్యుడు ఒక్క మూలికను ఒంటరిగా ఇవ్వడం అరుదు. ప్రధానమైన మూలిక, దానికి తోడు నిలిచేది, దాని తీవ్రతను తగ్గించేది, అన్నింటినీ కలిపి ఉంచేది అంటూ నాలుగు నుంచి పదిహేను దాకా కలిపి, నీళ్లలో మరిగించి తాగిస్తాడు. ఆ కలిపి ఉంచే పాత్ర చాలా కషాయాలలో అతిమధురానిదే, చీనావారు దాన్ని గన్‌త్సావ్, అంటే తియ్యని గడ్డి అంటారు. దగ్గుకు బుగ్గన పెట్టుకునే ఈ పుల్లను అతిగా, చాలా రోజులు వాడితే ఒంట్లో పొటాషియం పడిపోయి రక్తపోటు పెరుగుతుంది. బీపీ బిళ్ల వేసుకుంటూ ఇటువంటి కషాయం తాగే పెద్దవారికి బిళ్ల ఎందుకు పని చేయడం లేదో ఇంట్లో ఎవరికీ అంతుపట్టదు.

మూలికలో మందు ఉండవచ్చనడానికి ప్రపంచం ఒప్పుకున్న రుజువు ఈ కథలో మొదట వచ్చిన మాచిపత్రి బంధువు దగ్గరే ఉంది. మలేరియా దోమ కడుపులో పరాన్నజీవిని 1897లో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికిందరాబాదులో. ఆ రోగానికి పాత మందులు లొంగని కాలంలో, 1967 మే 23న చీనా ప్రభుత్వం రహస్యంగా మొదలుపెట్టిన 523 పథకంలో తూ యూయూ అనే శాస్త్రవేత్త పాత గ్రంథాలను జల్లెడ పట్టింది. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ చింగ్‌హావ్ అనే ఆర్టిమీసియా మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి తాగమన్నాడే గాని మరిగించమనలేదన్న సంగతి ఆమెకు తట్టింది. వేడికి సారం చెడుతుందేమోనని, తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీయగా 1971లో అది ఎలుకల మలేరియాపై పూర్తిగా పని చేసింది. అలా వచ్చిన ఆర్టిమిసినిన్‌కు 2015లో ఆమెకు నోబెల్ బహుమతి దక్కింది. పాత పుస్తకం దారి చూపింది. మొక్కను విడగొట్టి, సారాన్ని తూచి, ఎలుకల మీద ఆపైన మనుషుల మీద పరీక్షించాకనే అది మందయింది.

దీనికి ఎదురు కథ బెల్జియంలో జరిగింది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో ఒళ్లు తగ్గించే మాత్రల్లో హాన్ ఫాంగ్‌జి అనే చీనా మూలిక వేయాల్సింది పోయి, పేరు దగ్గరగా ఉన్న గ్వాంగ్ ఫాంగ్‌జి పడింది. అది అరిస్టలోకియా జాతి మొక్క. సుమారు వంద మంది మహిళల మూత్రపిండాలు పాడయ్యాయి, కొందరికి తరవాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. అదే జాతికి చెందిన గాడిదగడప మన చేల గట్ల మీద మొలుస్తుంది. ఆ జాతిదే అయిన ఈశ్వరి వేరును పాము కాటుకు మందని ఇప్పటికీ ఇళ్లలో దాచుకుంటారు. వీటిలోని అరిస్టలోకిక్ ఆమ్లాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం నిర్ధారిత క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఆకు పసరే కదా, చెడుపు ఏముంది అనే మాట ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఈ ఒక్క మొక్క చాలు.

మూలికను మందుగా ఎప్పుడు నమ్మాలన్న ప్రశ్నను నెల్లూరు తీరం పుస్తకాల్లో చదవలేదు, కళ్లారా చూసింది. 2021 మే నెలలో, ఆక్సిజన్ కోసం జనం అల్లాడుతున్న రోజుల్లో, ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య ఉచితంగా ఇచ్చిన మూలికా మందు కోసం వేలాది మంది తరలివచ్చారు, అంబులెన్సులు సైతం ఊరి దారి పట్టాయి. గుంపుల భయంతో పంపిణీ ఆగింది, నిపుణులు పరిశీలించారు, వివాదం హైకోర్టుకు చేరింది. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలను పక్కనపెట్టి, నోటి ద్వారా తీసుకునే మందులకు అనుమతి ఇస్తూ, వాటి వల్ల హాని లేదన్న నివేదిక వచ్చినా కోవిడ్ నయమవుతుందనడానికి రుజువు లేదనీ, డాక్టర్లు ఇచ్చిన మందులు మానకూడదనీ చెప్పింది. ఆ ప్రకటనలో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. హాని చేయదనడం ఒకటి, మేలు చేస్తుందనడం మరొకటి. జనం వినదలచుకున్నది రెండో దాన్ని, అందుకే మొదటి దాన్నే రెండో దానిగా విన్నారు. డబ్బు తీసుకోకుండా ఇచ్చినవాడి ఉద్దేశాన్ని శంకించనక్కర లేదు. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన మందు పరీక్ష దాటినట్టు కాదన్నది మాత్రం మరవకూడదు.

చీనా మూలికల మాత్రలకు ఈ పాటి విచారణ కూడా లేదు. మన మందుల చట్టంలో ఆయుర్వేదం, సిద్ధ, యునానీలకు ప్రత్యేక అధ్యాయం ఉంది గాని చీనా వైద్యానికి అటువంటి స్థానం లేదు. కాబట్టి ఆన్‌లైన్‌లోనో, ప్రయాణం చేసి వచ్చిన బంధువు సంచిలోనో వచ్చిన డబ్బాలో ఏముందో చెప్పే పూచీదారు ఇక్కడ ఎవరూ ఉండరు. కీళ్ల నొప్పులకని అమ్మే మూలికా పొడుల్లో డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు కలిపిన ఉదంతాలు అనేక దేశాల్లో బయటపడ్డాయి. ఏళ్లనాటి మోకాలి నొప్పి రెండు పూటల పొడితో మాయమై, నెల తిరిగేసరికి ముఖం ఉబ్బి, చక్కెర పెరిగిందంటే ఆ మహిమ మూలికది కాకపోవచ్చు.

సూది గుచ్చించుకోదలచినవారు పొట్లం తమ కళ్లెదుటే విప్పమని, వాడిన సూది మళ్లీ వాడవద్దని అడగాలి. అలా అడగడానికి మొహమాటపడితే కామెర్ల క్రిములు ఒకరి నుంచి మరొకరికి పాకే వీలుంటుంది. రక్తం పల్చబడే మందులు వాడేవారు, గర్భిణులు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. నడుమునొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా, జ్వరం, బరువు తగ్గడం కనిపించినా ముందు ఆస్పత్రికే వెళ్లాలి. ఇంట్లో కషాయం కాచుకునేవారు అందులో పడే ప్రతి ఆకు పేరూ చీటీ మీద రాసి, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న బిళ్లలతో పాటు ఆ చీటీని కూడా బల్ల మీద పెట్టండి.